అగ్నికీ జలానికీ వైరమా? పంచమహాభూతములు, ఫెంగ్‌షుయ్ పంచకము



కురవి వీరభద్రస్వామి దర్శనానంతరం మహబూబాబాదులో ఒక గృహస్థుని ఇంట జరిగిన సత్సంగంలో తైత్తిరీయోపనిషత్తును గురించి నాలుగు మాటలు చెప్పే భాగ్యం ఈ అల్పునికి కలిగింది. ఆత్మ నుండి ఆకాశం, ఆకాశం నుండి వాయువు, వాయువు నుండి అగ్ని, అగ్ని నుండి జలం, జలం నుండి పృథివి ఉద్భవించిన క్రమాన్ని బ్రహ్మానందవల్లి ఎట్లా నిరూపించిందో వివరించి, మంగళహారతి అయిన తరువాత లేచాను. అందరూ ప్రసాదం స్వీకరించి వెళ్ళిపోయారు. ఒక యువగృహిణి మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది.

"అగ్ని నుంచి నీళ్ళు పుట్టినయని మీరు చెప్పిన్రు. మా ఇల్లు చూడవచ్చినాయన పొయ్యికీ నీళ్ళకూ పగ అన్నడు. ఏది నిజం, అయ్యగారూ?"

కూర్చోమన్నాను. మెల్లగా చెప్పింది. అయిదవ మాసంలో గర్భం నిలవలేదు. తరువాత ఎవరో ఒక వాస్తు సలహాదారుని ఇంటికి తీసుకువచ్చారు. ఆయన చేతిలో చీనా దిక్సూచి, నోట సంస్కృతపదాలు. వంటగదిలో గట్టు మీద గ్యాసుపొయ్యి, దాని పక్కనే సింకు ఉండడం చూసి, అగ్నిజలాలకు సంఘర్షణ కలిగిందనీ, పంచభూతాల సమతుల్యత చెడిందనీ, ఈ వంటగది ఉన్నంతకాలం ఇంట సంతానం నిలవదనీ నిర్ణయించాడు. గట్టు పగులగొట్టించారు. సింకును పెరటి గోడకు మార్పించారు. కిటికీకి స్ఫటికం, ద్వారానికి లోహపు గొట్టాల విండ్ చైమ్, బల్ల మీద మూడుకాళ్ళ కప్ప వచ్చాయి. ఇందుకైన ధనం కోసం ఆమె భర్త చిట్టీ పాడుకున్నాడు. ఆ వంటగది అట్లా కట్టించుకోవాలని కోరినది ఆమెయే కనుక, ఇంట్లో వారి చూపులన్నీ ఆమె మీదనే.

"నా పొయ్యే నా బిడ్డను తిన్నదంటరా?"

ఈ వ్యాసానికి కారణం ఆ ప్రశ్న. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల్లో సత్సంగాల నిమిత్తం తిరుగుతున్న కొద్దీ ఇటువంటి ప్రశ్నలే ఏదో ఒక రూపంలో ఎదురవుతున్నాయి. చీనా దేశపు విద్య మీద నాకు ద్వేషం లేదు. ఏ జాతి ఋషులు, పండితులు ఏ దృష్టితో ప్రకృతిని పరిశీలించినా అది గౌరవార్హమే. నా ఆక్షేపణ వేరు. ఆ విద్యకు మన పంచమహాభూతాల పేరు తగిలించి, ఉపనిషత్తు దానికి సాక్ష్యం చెబుతున్నట్లు పలికి, దుఃఖితుల ఇంట భయాన్ని విక్రయించే వ్యవహారం మీద నా ఆక్షేపణ. దురదృష్టవశాత్తు ఆ పని చేస్తున్నవారిలో అధికులు నుదుట విభూతి, తిరునామం ధరించిన మనవారే.

మొదట ఆ విద్య ఏమంటున్నదో న్యాయంగా తెలుసుకోవాలి. పూర్వపక్షాన్ని సరిగా చెప్పకుండా ఖండించడం మన సంప్రదాయం కాదు. ఫెంగ్ అనగా వాయువు, షుయ్ అనగా జలం. అందులోని ప్రధానభావన చీ అనే ప్రాణశక్తి. అది గాలికి చెదిరిపోతుంది, నీటి అంచున నిలుస్తుంది. కనుక గాలి తాకిడి తక్కువగా ఉండి, సమీపంలో నీరు ఉన్న స్థలాన్ని ఎన్నుకోవాలి. ఈ సిద్ధాంతాన్ని చెప్పిన ప్రాచీనగ్రంథాన్ని మూడు, నాలుగు శతాబ్దుల సంధిలో జీవించిన గువో పు అనే పండితునికి ఆపాదిస్తారు. మన సలహాదారులు ఎన్నడూ చెప్పని విషయమేమంటే, ఆ గ్రంథం గృహనిర్మాణాన్ని గురించినది కాదు, సమాధులను గురించినది. పితరుల అస్థికలను ఎక్కడ ఉంచితే సంతతికి మేలు కలుగుతుందన్నది దాని విచారణ. మృతదేహాన్ని అగ్నికి అర్పించి, అస్థికలను గోదావరిలో కలిపే మనం, సమాధిస్థల నిర్ణయశాస్త్రం నుండి పెరిగిన నియమాన్ని వంటగదిలోకి తెచ్చుకున్నాము.

ఇక వారి పంచకం. కాష్ఠం, అగ్ని, మృత్తిక, లోహం, జలం. చీనా భాషలో దీనిని వూషింగ్ అంటారు. షింగ్ అంటే నడక, గతి. పదార్థమని దాని అర్థం కాదు. క్రీ.పూ. మూడవ శతాబ్దంలో జౌ యెన్ అనే తాత్త్వికుడు రాజవంశాలు ఒకదాని తరువాత ఒకటి రావడాన్ని సైతం ఈ అయిదు గతులతోనే వివరించాడు. కాష్ఠం అగ్నిని పుట్టిస్తుంది, అగ్ని బూడిదగా మృత్తికను, మృత్తిక లోహాన్ని, లోహం జలాన్ని, జలం మళ్ళీ వృక్షాన్ని పుట్టిస్తాయి. ఇది జననచక్రం. కాష్ఠం మట్టిని చీల్చుతుంది, మట్టి నీటిని ఆపుతుంది, నీరు అగ్నిని ఆర్పుతుంది, అగ్ని లోహాన్ని కరిగిస్తుంది, లోహం కాష్ఠాన్ని ఖండిస్తుంది. ఇది నిగ్రహచక్రం. దీనిని కూడా అక్కడి పండితులు కేవలం శత్రుత్వమనరు. ఒకటి మితిమీరకుండా మరొకటి పట్టి ఉంచడమంటారు. వసంతం కాష్ఠం, గ్రీష్మం అగ్ని, శరత్తు లోహం, హేమంతం జలం. అంటే ఇది మార్పును గురించిన శాస్త్రం. ఇప్పుడున్న స్థితి తరువాత ఏ స్థితి వస్తుందన్నది దాని ప్రశ్న.

మన పంచమహాభూతాల ప్రశ్న పూర్తిగా వేరు. శబ్దగుణం గలది ఆకాశం. శబ్దస్పర్శలు గలది వాయువు. వాటికి రూపం చేరితే అగ్ని, రసం చేరితే జలం, గంధం చేరితే పృథివి. భూతాలు అయిదే ఎందుకు? జ్ఞానేంద్రియాలు అయిదు గనుక. శ్రోత్రం, త్వక్కు, చక్షువు, జిహ్వ, ఘ్రాణం అనే అయిదు ద్వారాల నుండి ఏది అనుభవానికి వస్తుందో ఆ సమస్త దృశ్యాన్నీ అయిదు రాశులుగా విభజించి, ఈ దృశ్యమంతా నీవు కావు, దీనిని చూస్తున్నవాడవు నీవని బోధించడానికి ఏర్పడిన విభాగమిది. కాష్ఠమన్న ఇంద్రియవిషయం ప్రత్యేకంగా లేదు. లోహాన్ని గ్రహించే ఆరవ ఇంద్రియమూ లేదు. మన పట్టికలో ప్రథమస్థానంలో ఉన్న ఆకాశం వారి పంచకంలో లేనే లేదు, వాయువూ లేదు. రెండు పట్టికల్లోనూ అయిదు అంశాలు ఉన్నాయి గనుక రెండూ ఒకటే అనడం, పాండవులు అయిదుగురు, వేళ్ళు అయిదు గనుక చిటికెనవేలే సహదేవుడనడం వంటిది.

ఇక్కడ మనవారు కొందరు ఒక వాదం తెస్తారు. ఫెంగ్‌షుయ్ మన వాస్తు నుండే పుట్టిందనీ, బౌద్ధభిక్షువులు తీసుకువెళ్ళారనీ, మన సొత్తు మనకే తిరిగి వచ్చిందనీ అంటారు. వినడానికి ఇంపుగా ఉంటుంది, స్వదేశాభిమానం పొంగుతుంది. కానీ అది సత్యం కాదు. బౌద్ధం చీనా దేశంలో ప్రవేశించినది క్రీస్తుశకారంభకాలంలో. జౌ యెన్ అంతకు రెండు, మూడు వందల సంవత్సరాల ముందటివాడు. అంతకంటె బలమైన సాక్ష్యం మరొకటి ఉన్నది. మన బౌద్ధగ్రంథాలను చీనా భాషలోకి అనువదించిన పండితులు మహాభూతమన్న పదం వచ్చినప్పుడు తమ షింగ్ అన్న పదాన్ని వాడలేదు. మహత్తు అన్న అర్థమిచ్చే వేరొక పదాన్ని ఎన్నుకున్నారు. ఇది తమ పంచకం కాదని వారికి తెలుసు. పదిహేను వందల సంవత్సరాలకు పూర్వం అనువాదకులు పాటించిన వివేకం, నేడు గాలిగంటల దుకాణంలో పంచభూత కిట్టు అని చీటీ అంటించేవానికి లేకపోయింది. అసత్యంతో ధర్మానికి గౌరవం తేవడం సాధ్యం కాదు గనుక ఆ స్వదేశీవాదాన్ని మనమే విడిచిపెట్టడం మంచిది.

లోహాన్ని గురించి కాస్త విస్తరించి చెప్పాలి, ఎందుకంటే భేదం అక్కడ అత్యంత స్పష్టంగా కనిపిస్తుంది. పదిహేడవ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో తేజస్సును నాలుగు విధాలుగా విభజించాడు. భౌమం, అనగా వంటింటి అగ్ని వంటిది. దివ్యం, మెరుపు మొదలైనది. ఔదర్యం, తిన్న అన్నాన్ని పచనం చేసే జఠరాగ్ని. నాలుగవది ఆకరజం, గనిలో పుట్టేది: సువర్ణం మొదలైనవి. బంగారం తేజస్సే! దీపికలో దీనికి యుక్తి కూడా చెప్పాడు. నెయ్యిని ఎంతో కాచితే దాని ద్రవత్వం నశిస్తుంది. బంగారాన్ని ఎంత తీవ్రంగా కాచినా ద్రవత్వం చెడదు. కనుక అది పార్థివం కాదు, తైజసం. నేటి రసాయనశాస్త్రం దీనిని అంగీకరించదన్న సంగతి నాకు తెలుసు. నేను చెబుతున్నది దర్శనాల లోపలి సంగతిని గురించి. వారి చక్రంలో అగ్ని లోహాన్ని జయిస్తుంది. మన తార్కికుని దృష్టిలో సువర్ణం అగ్నిజాతికి చెందినదే. అగ్ని అగ్నిని జయించడమేమిటి? ఆగ్నేయంలో లోహపు గొట్టాలు వేలాడదీయవచ్చునా, కూడదా అన్నదానికి ఈ రెండు శాస్త్రాలనూ ఒకేసారి ప్రమాణంగా పెట్టుకున్నవాడు ఏమని సమాధానం చెబుతాడు?

జనగామ పక్కనే పెంబర్తి ఉన్నది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడిరేకును అగ్నిలో కాల్చి మెత్తబరచి, సుత్తితో, ఉలితో దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తీర్చుతారు. ధ్వజస్తంభాలకు తొడుగులు, మకరతోరణాలు అక్కడి నుండి ఎన్నో ఆలయాలకు వెళ్ళాయి. వారి కొలిమి ముందు కొంతసేపు కూర్చున్నవారికి అగ్ని లోహానికి శత్రువని తోచదు. ఆ ఊరి మీదుగానే రాజమార్గంలో వెళుతూ, అక్కడ ఆగక, వరంగల్లు వెళ్ళి ప్లాస్టిక్ మీద బంగారురంగు పూసిన కప్పను కొని తెచ్చుకునేవారిని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ప్రసంగవశాన మరొక మాట. కాష్ఠతత్త్వం పేరుతో అమ్మే లక్కీ బాంబూ వెదురు కాదు, చీనా దేశపుదీ కాదు. అది మధ్య ఆఫ్రికాలో పుట్టిన డ్రసీనా జాతి మొక్క. నవ్వే బుద్ధుడని పిలిచే మూర్తి గౌతమబుద్ధునిది కాదు. బుదాయ్ అనే పదవ శతాబ్దపు చీనా భిక్షువుది. సంచి భుజాన వేసుకుని భిక్షాటనం చేసిన విరక్తుని బొమ్మను ధనాకర్షణకు వాడుతున్నాము.

దిక్కుల సంగతి ఇంకా విచిత్రం. వారి పంచకంలో అగ్ని దక్షిణం, జలం ఉత్తరం, కాష్ఠం తూర్పు, లోహం పడమర, మృత్తిక మధ్యం. మన వాస్తువేత్తలు చెప్పేది అగ్ని ఆగ్నేయం, జలం ఈశాన్యం, వాయువు వాయవ్యం, మధ్యంలో బ్రహ్మస్థానం ఆకాశం. వారికి మధ్యం మన్ను, మనకు మధ్యం శూన్యం. మన పెద్దలు కట్టిన భవంతి ఇళ్ళలో నడుమ కప్పు లేకుండా వదిలిన చోటు, దాని నుండి వంటింటి దాకా వచ్చే వెలుతురు చూచినవారికి ఆ బ్రహ్మస్థానం అర్థం తెలుస్తుంది. రెండు శాస్త్రాల ప్రకారం ఇల్లు సర్దుతానని బయలుదేరినవాడు ఆ నడిమి చోటులో ఏమి పెట్టాలి? మట్టికుండనా, ఖాళీనా?

దక్షిణాన్ని తీసుకోండి. చీనాలో దక్షిణాభిముఖమే ఉత్తమం. ఉత్తరం నుండి వచ్చే శీతలవాయువులకు వీపు చూపి, సూర్యుని వైపు ముఖం పెట్టడం అక్కడి శీతోష్ణస్థితికి తగిన బుద్ధి. పెకింగు నగరంలోని చక్రవర్తి ప్రాసాదం సైతం దక్షిణాభిముఖమే. ఇక్కడ దక్షిణద్వారమంటే యమద్వారమని వణుకుతారు. దక్షిణముఖపు ప్లాటుకు ధర తగ్గుతుంది. విచిత్రమేమంటే ఈ భయం భూపాలపల్లి జిల్లాలో కూడా అంతే బలంగా ఉన్నది. ఆ జిల్లాలోనే ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం ఉన్నది. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడైన యముని పేరిట, రెండవది ముక్తేశ్వరుడైన శివుని పేరిట. భక్తులు ముందుగా యముని అర్చించి, తరువాతనే ముక్తేశ్వరుని అర్చిస్తారు. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు అక్కడ స్నానమాచరించి, కాలునికి నమస్కరించి, ఇంటికి వచ్చి దక్షిణపు తలుపుకు ఇటుకలు పేర్చి మూయించినవారు నాకు తెలుసు. మనకు జ్ఞానం ప్రసాదించే ఆదిగురువు పేరే దక్షిణామూర్తి. ఆయన దక్షిణాభిముఖుడై కూర్చున్నాడు.

ఇంతవరకు చదివిన కొందరు, అయితే ఫెంగ్‌షుయ్ విడిచి మన వాస్తునే పట్టుకుంటామని సంతోషించవచ్చును. అంత సులభంగా మనల్ని మనం విడిచిపెట్టరాదు. వరాహమిహిరుని బృహత్సంహితలోని వాస్తువిద్య చూడండి. ఎనభైయొక్క పదాల మండలంలో నలభైయైదుగురు దేవతలు కొలువై ఉంటారు. ఈశాన్యభాగంలో ఆపుడు, ఆపవత్సుడు అనే జలసంబంధ దేవతలు ఉన్నారు కనుక అక్కడ బావి అన్న ఆచారానికి ఆధారం లేకపోలేదు. కానీ మూలమూలకూ ఒక్కొక్క మహాభూతాన్ని బంధించి, దాని సమతుల్యతను రంగులతో, బొమ్మలతో సరిదిద్దే పద్ధతి అందులో కనిపించదు. దిక్పాలకులలో వరుణుడు పడమటివాడు. నైరృతి నిరృతిది, పృథివిది కాదు. వరాహమిహిరుడు స్థలపరీక్ష మాత్రం చక్కగా చెప్పాడు. మూరెడు గొయ్యి తవ్వి, తీసిన మన్ను మళ్ళీ పోస్తే మిగలాలి. నీళ్ళు పోసి, నూరడుగులు నడిచి వచ్చేసరికి తగ్గకుండా ఉండాలి. మన్ను రంగు, వాసన, రుచి చూడాలి. ఇది నిజమైన భూతపరీక్ష: పృథివి గుణాలను ఇంద్రియాలతో పరీక్షించడం. నేడు జనగామ చుట్టుపక్కల పొలాలు ప్లాట్లవుతున్న చోట పునాదికి ముందు ఈ గొయ్యి తవ్వేవారిని నేను ఒక్కరినీ చూడలేదు. పాత చెరువు శిఖం భూమి అవునో కాదో అడిగేవారు కూడా తక్కువే. తలుపు ఏ వైపు అన్నది మాత్రమే అడుగుతారు.

నీటికి దిక్కు తెలియదు, పల్లం తెలుసు. మహబూబాబాదు జిల్లా బయ్యారంలో కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ పదమూడవ శతాబ్దంలో తవ్వించిన చెరువు ఉన్నది. దాని శాసనం కాకతీయుల వంశావళికి ముఖ్యమైన ఆధారం. ఆ చెరువు కట్టినవారు కొండల వాలు, వాన నడక, నేల బిగువు చూసి కట్ట వేశారు. వాయుజలాలను గమనించడమంటే అది. గువో పు చూచి ఉంటే దానికి తలవంచేవాడని నా అభిప్రాయం. అదే జిల్లాలో 2024 సెప్టెంబరు 1న కురిసిన వానకు కేసముద్రం, ఇంటికన్నెల మధ్య రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ దినాన ఊళ్ళలోకి వచ్చిన నీరు ఏ ఇంటి ఈశాన్యాన్నీ అడగలేదు.

రాజధానిలో సైతం ఇదే కథ. పాత సచివాలయానికి వాస్తుదోషమన్న ప్రచారం ఏళ్ళ తరబడి సాగింది. 2020లో దానిని కూల్చారు. కొత్తది 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. ఆ సంవత్సరాంతంలోనే దానిని కట్టిన ప్రభుత్వం ఎన్నికల్లో ఓడిపోయింది. రాజకీయం మన విషయం కాదు గనుక ఇంతటితో ఆపుతాను.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. అగ్నికీ జలానికీ పగ ఉన్నదా?

శ్రుతి ప్రకారం జలం అగ్ని సంతానం. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు ఇదే చెబుతూ, లోకానుభవాన్ని దృష్టాంతంగా చూపాడు: మనిషి శోకంతో తపించినప్పుడు, చెమర్చినప్పుడు పుట్టే నీరు తేజస్సు నుండే పుడుతున్నదని. ఆమె కన్నీటికి అంతకంటె దగ్గరి వాక్యం నాకు తెలియదు. ఇక పంచీకరణ ప్రక్రియ ప్రకారం మనం చూసే స్థూలాగ్నిలో సగం అగ్ని, మిగిలిన సగంలో ఆకాశ, వాయు, జల, పృథివులు ఒక్కొక్కటి ఎనిమిదవ వంతు. స్థూలజలంలో ఎనిమిదవ వంతు అగ్ని. పొయ్యి మీది మంటలోనే నీరు ఉన్నది, నల్లాలోని నీటిలోనే నిప్పు ఉన్నది. వాటిని వేరుచేసి రెండు గోడలకు పెట్టడానికి ఏ మేస్త్రీకి సాధ్యం? ఆమె ఉదరంలోని జఠరాగ్ని అన్నరసాల మధ్యనే వెలుగుతున్నది. పురాణాలు బడబాగ్నిని సముద్రగర్భంలోనే ఉంచాయి.

వేదాంతం అక్కరలేదంటే భూపాలపల్లి వైపు చూడండి. ఆ నేల కింద ఉన్న బొగ్గు ఇరవయ్యైదు కోట్ల సంవత్సరాలకు పూర్వపు గోండ్వానా అరణ్యం. సింగరేణి కార్మికుడు తవ్వితీసే ఆ నల్లరాయి ఏది? కాష్ఠమా, మృత్తికా, అగ్నియా? చీనా పంచకంలో దానికి ఏ గది కేటాయిస్తారు? చెల్పూరులోని కాకతీయ విద్యుత్కేంద్రంలో 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లలోనూ జరిగేది ఒక్కటే: బొగ్గు మంట మీద నీరు ఆవిరి కావడం, ఆ ఆవిరి చక్రాన్ని తిప్పడం. అగ్నిజలాలు పక్కపక్కన ఉండడమే అక్కడి పని. వాటిది వైరమని చెప్పిన సలహాదారుడు ఆ మాట అన్నది, అటువంటి కేంద్రాలు పంపిన విద్యుత్తుతో వెలిగే దీపం కిందనే.

పొయ్యి పక్కన సింకు ఉంటే నూనెలో నీళ్ళు చింది చిటపటలాడతాయి, తడి చేతితో లైటర్ పట్టుకోవడం ఇబ్బంది. అది వంట చేసే ప్రతి గృహిణికీ తెలిసిన జాగ్రత్త. దాని నుండి శిశుమరణానికి దారి వేయడం శాస్త్రం కాదు, క్రౌర్యం. గర్భస్రావానికి కారణాలు చెప్పవలసినది వైద్యులు. వారు కూడా అన్నివేళలా కారణం చెప్పలేరు. ఆ చెప్పలేని ఖాళీలోకే ఈ వ్యాపారం ప్రవేశిస్తుంది.

ఏమి నష్టం, మనశ్శాంతి కలుగుతుంది కదా అనేవారికి నా సమాధానం ఆ చూపులు. దోషం వస్తువులో ఉన్నదన్నప్పుడు, ఆ వస్తువును అక్కడ పెట్టిన మనిషి దోషి అవుతుంది. కర్మసిద్ధాంతం కూడా దురుపయోగం పాలైన మాట నిజమే, కానీ అది కనీసం ఎవరి కర్మ వారిదే అన్నది. కోడలి సింకు వల్ల మనుమడు పోయాడని అనలేదు. జనగామ జిల్లా చిల్పూరు గుట్ట మీద వేంకటేశ్వరస్వామిని బుగులు వేంకటేశ్వరుడంటారు. కుబేరుని అప్పు తీర్చలేక దిగులుపడి స్వామి అక్కడికి వచ్చాడని స్థలపురాణం. అప్పుల దిగులు దేవునికైనా తప్పలేదని ఆ పామరకల్పన ఎంత ఓదార్పునిస్తుంది! దిగులు పడినందుకు స్వామిని ఎవరూ తప్పుపట్టలేదు, ఆయన గుమ్మం ఏ వైపు ఉన్నదని అడగలేదు. ఆయనకు మొక్కి గుట్ట దిగినవారికి, కింద మరొకడు కొత్త బుగులు అమ్ముతున్నాడు.

భూతాలతో మన సంబంధం ఏమిటో భాగవతం ఏకాదశస్కంధం చెప్పింది. యదుమహారాజుకు అవధూత తన ఇరవైనలుగురు గురువులను పేర్కొంటాడు. ఆ వరుసలో మొదటి అయిదుగురు పృథివి, వాయువు, ఆకాశం, జలం, అగ్ని. తనను తొక్కినా తవ్వినా చలించని క్షమను భూమి నుండి, సుగంధదుర్గంధాల మధ్య సంచరిస్తూ దేనినీ అంటించుకోని అసంగత్వాన్ని గాలి నుండి, మేఘాలు వచ్చిపోయినా మలినం కాని స్వభావాన్ని ఆకాశం నుండి, స్వచ్ఛతను నీటి నుండి, ఏది వేసినా భుజించి దాని దోషం అంటని తేజస్సును అగ్ని నుండి నేర్చుకున్నానంటాడు. పంచభూతాలు గురుస్థానంలో ఉన్నాయి. వాటిని మన బ్యాంకుఖాతా పెంచే పనివారిగా మూలల్లో నిలబెట్టడం గురుద్రోహం కాదా? ఈ కథ తెలియనంత దూరపు జనం కాదు మనం. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో బమ్మెర ఉన్నది. ఆ గ్రామాన్ని పోతనామాత్యుని స్వస్థలంగా ఈ ప్రాంతం కొలుస్తున్నది. తెలుగు భాగవతంలో ఏకాదశస్కంధాన్ని రచించినవాడు వెలిగందల నారయ. కపిలుడు తల్లి దేవహూతికి తత్త్వాలు బోధించిన తృతీయస్కంధం పోతనదే. పెరటిలో అంతటి నిధిని పెట్టుకుని, భూతతత్త్వం తెలుసుకోవడానికి దుకాణానికి వెళుతున్నాము.

సమతుల్యత కావాలనే కోరిక తప్పు కాదు. దానికి మన పూజావిధిలోనే స్థానం ఉన్నది. భూతశుద్ధిలో సాధకుడు తన దేహంలోని పృథివిని జలంలో, జలాన్ని అగ్నిలో, అగ్నిని వాయువులో, వాయువును ఆకాశంలో, ఆకాశాన్ని దాని కారణంలో లయం చేసినట్లు భావించి, ఆ తరువాత శుద్ధదేహాన్ని మళ్ళీ సృష్టించుకుంటాడు. సృష్టి ఏ మెట్లు దిగి వచ్చిందో ఆ మెట్లే ఎక్కి వెనుకకు వెళ్ళడం. దానికి స్ఫటికం అక్కరలేదు, గట్టు పగలనక్కరలేదు, చిట్టీ పాడనక్కరలేదు. దానిని అర్థం తెలిసి చేసే గురువులు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వారిని అడిగి నేర్చుకోవడానికి అహంకారం అడ్డు వస్తే వస్తుంది గాని, ద్వారదోషం అడ్డు రాదు.

ఆనాడు ఆ తల్లికి ఇదంతా చెప్పలేదు. అది వాదానికి సమయం కాదు. "నీ పొయ్యి అన్నం పెట్టిందమ్మా, ఎవరినీ తినలేదు. నీళ్ళు దాని బిడ్డలు" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. మంచి వైద్యురాలిని ఒకసారి కలవమని చెప్పి పంపాను.

మొన్న ఆ ఊరివారు ఒకరు కలిసినప్పుడు విచారించాను. సింకు మళ్ళీ పాత చోటికి వచ్చిందట, నీళ్ళు పెరటి గోడ దగ్గరి నుండి మోసుకురావడం కష్టమై. మూడుకాళ్ళ కప్ప పిల్లల ఆటవస్తువైంది. కిటికీలోని స్ఫటికం మాత్రం వేలాడుతూనే ఉన్నదట. దానిని తీయడానికి అత్తగారికి భయం.